తొంభై ఒకటో సీను ముందే తీశాం

నా పని చాలా చిన్నది.
ఎవరి చొక్కాకి ఎన్నో గుండీ ఊడి ఉందో,
కప్పులో కాఫీ ఎంతవరకు తాగారో,
గోడమీద గడియారం ఎంత చూపిస్తోందో
రాసి పెట్టుకోవడం.
వల్పరాయిసోలో, రేవు పైన, అద్దెకు దొరికిన సైకిళ్ల కొట్లో
పదిహేడు వారాలు అదే రాశాను.

బాల్తసార్ కథ చెప్పిన రాత్రి బాగా గుర్తు.
చేతులు కాలకముందే
ఆకులు పట్టుకోవాలని పరిగెత్తే మనిషి కథ.
రేవులో గిడ్డంగి తగలబడి తొమ్మిదిమంది పోతారు.
బయటినుంచి తాళం వేసింది ఇతనే.
తాళం వెయ్యకముందుకి వెళ్లాలి.
అంతే.
ఎవరి దగ్గర లేదు చెప్పండి, అలాంటి తాళం ఒకటి?

మొదటి సగం బాగుంది. ఒట్టు.
మా ఊరి కొండల మీదికి చెక్క పెట్టెలు పాకుతాయి,
ఒకే తాడుకి రెండు.
ఒకటి దిగితేనే ఒకటి ఎక్కుతుంది.
సగం దారిలో పక్కపక్కకి వస్తాయి,
రెప్పపాటు.
ఎక్కేవాడు కిటికీలోంచి చూస్తాడు:
దిగే పెట్టెలో తనే,
ముప్ఫై ఏళ్లు ముసలివాడై, వేళ్లకి కట్టుతో.
సంగీతం వద్దన్నాను, విన్నాడు.
ఇంక కాలం గురించి
ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

చెప్పారు.

ఇరవై ఆరు పేజీల తర్వాత నల్లబల్ల వచ్చింది.
బల్లమీద గీతలు, గీతలకి బాణాలు,
ఒక ప్రొఫెసరు, ప్రొఫెసరుకి దగ్గు.
గతాన్ని ముట్టుకోకూడదన్నాడు నలభయ్యో పేజీలో,
మూడుసార్లు ముట్టుకోవచ్చన్నాడు అరవయ్యో పేజీలో.
జనానికి అర్థం కాదేమోనని నిర్మాత భయం,
అర్థమైపోతుందేమోనని బాల్తసార్ భయం.
ఇద్దరి భయాల మధ్య
హీరో చచ్చి లేచాడు, లేచి చచ్చాడు.
నాలుగోసారి చచ్చినప్పుడు
లైట్లు పట్టుకునే నిబాల్దో ఆవులించాడు.
రాసుకున్నాను: ఆవులింత, సాయంత్రం ఆరూ పది.
వెనక్కి తిప్పగలిగే చావుకి
ఏడ్చేదెవరు?
గతజలసేతుబంధనం అంటారే,
ఇక్కడ ఆనకట్టలు బోలెడు కట్టారు,
నీళ్లే లేవు.

డబ్బు చాలని సినిమాకి వరస ఉండదు.
ఏ చోటు దొరికితే ఆ సీను.
ముసలి హీరోగా వేసిన దోన్ ఎవరిస్తో
చనిపోయే సీను, తొంభై ఒకటి, మార్చిలోనే తీశాం.
మంట పక్కన, తాళంచెవి గుప్పిట్లో.
అయ్యాక లేచి, మసి దులుపుకుని,
"చావు బాగా వచ్చిందా అమ్మాయ్? ఎడం చెయ్యే కదూ?" అన్నాడు.
పుస్తకం చూసి, ఎడం చెయ్యే, అన్నాను.

జూన్‌లో తియ్యాల్సింది డెబ్బై నాలుగు:
కుర్ర హీరోకి ఆయన అంతా విడమర్చి చెప్పే సీను.
ఆరు పేజీలు.
వేసిన ముడులన్నీ అక్కడే విప్పాలి.
మే ఇరవై తొమ్మిది పొద్దున్న,
బజారు మెట్ల మీద, ఉల్లిపాయల సంచితో
కూలబడి మళ్లీ లేవలేదు దోన్ ఎవరిస్తో.
సంచి ఏ చేతిలో ఉందని అడిగాను.
సిగ్గుపడుతూనే అడిగాను.
కుడి చేతిలోనట.

డెబ్బై నాలుగు ఉండాల్సిన చోట
దిగుతున్న ఖాళీ పెట్టె పెట్టాడు బాల్తసార్.
పదకొండు సెకన్లు.
ప్రొఫెసర్ని కోసేశాడు, దగ్గు మాత్రం ఉంచాడు.
సినిమా పట్టుకుందన్నారు చూసినవాళ్లు.
సగం తెలియలేదు గానీ
ఇంటికెళ్లాక నిద్ర రాలేదన్నారు.
గిడ్డంగి గడియారం ఒక షాట్లో రెండున్నర,
వెంటనే రెండూ పది.
అందులో ఏదో గూఢార్థం ఉందన్నాడొకాయన.
అది నా తప్పు. నోరు విప్పలేదు.

ఇంకొకటి కూడా ఎవరికీ చెప్పలేదు.
ఇరవై ఎనిమిది రాత్రి ఆయన ఫోన్ చేశాడు.
ఈ ఆరు పేజీలు తలకెక్కడం లేదమ్మాయ్,
ఎవడు ఎప్పుడు ఎక్కడున్నాడో
కాస్త చెబుతావా, అని.
రేపు, అన్నాను.

పుస్తకంలో ఆ పేజీ అలాగే ఉంది.
చొక్కా, ఖాళీ. కప్పు, ఖాళీ. ఏ చెయ్యి, ఖాళీ.
పైన తేదీ మాత్రం ముందే వేసి పెట్టాను,
జూన్ ఆరు.
కొట్టెయ్యలేదు.